మీ ప్రశ్నలు, నా జవాబులు: యూదుల ఆదివారం బడిలో ఏం నేర్పుతాం?

న్యూజెర్సీలో మా సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, అనుబంధంగా ఆదివారం బడి ఒకటి నడుస్తుంది. అందులో పదకొండేళ్లుగా మూడో తరగతి పిల్లలకు చెబుతున్నాను. మావారు పుట్టుకతో యూదులు. పెళ్లయిన నాలుగేళ్లకు నేను కూడా ముగ్గురు పెద్దల ముందు కూర్చుని, వాళ్లడిగినవాటికి జవాబులు చెప్పి, మిక్వే అనే శుద్ధిస్నానపు కొలను నీళ్లలో మునిగి ఆ మతంలోకి వచ్చాను. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడతాను. ఈ సంగతి తెలిసి పత్రికవాళ్లు, యూదు కుటుంబాలతో వియ్యమందిన తెలుగువాళ్లు రాసిన ఉత్తరాలన్నీ ఒక కట్టగా పంపారు. పేర్లు తీసేసి, నాకు చేతనైనవాటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. మావారు యూదులు కాబట్టి ఈ సెప్టెంబరు నుంచి సినగాగ్ బడిలో వేశాం. ఆదివారం తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా. ఇంటికొచ్చాక "ఏం నేర్పారే?" అంటే "ఏం లేదు" అంటుంది. ఆ రెండున్నర గంటల్లో నిజంగా ఏం చెబుతారు? వారానికి ఒక్క పూటతో విలువలు వస్తాయా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. రావమ్మా. సెలవులు పోగా మాకు ఏడాదికి 28 ఆదివారాలు దొరుకుతాయి. అంటే 70 గంటలు. ఏడాదికున్న 8,760 గంటల్లో అదెంత?

మీ గుమ్మానికి కుడివైపు చిన్న గొట్టంలాంటి మెజూజా ఉందేమో చూడండి. లోపల తోలు కాగితం మీద చేత్తో రాసిన తోరా (యూదుల మూల గ్రంథం) వాక్యాలుంటాయి. అందులో ఒక మాట ఉంది: ఈ సంగతులు నీ పిల్లలకు నేర్పు, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వీటి గురించి మాట్లాడు. నాలుగు సందర్భాలు చెప్పారు. బడిలో ఉన్నప్పుడు అనలేదు. కొత్తగా చేరిన తల్లిదండ్రులకు మొదటి రోజున నేను చెప్పేది ఇదొక్కటే. ఆ నాలుగు వేళల్లో చేయాల్సింది ఏమిటో మేం చూపిస్తాం. చేయాల్సింది మీ ఇంట్లో.

ఇక మేం చూపించేదాని సంగతి. మా తరగతి త్సెదాకా డబ్బాతో మొదలవుతుంది. నీలం రంగు రేకు డబ్బా, మా అత్తగారిచ్చింది. పైన సన్నటి చీలిక. పిల్లలు వరసగా వచ్చి తలొక నాణెం వేస్తారు. పావలా డాలరు నాణెం చీలికలో ఇరుక్కుంటే వేలితో రెండుసార్లు తట్టాలి. ఆ తట్టే పని కోసం పోటీ పడతారు. త్సెదాకా అంటే ఇంగ్లిషులో ఛారిటీ అని రాస్తారు గానీ, ఆ మాటకు మూలం త్సెదెక్, అంటే న్యాయం. ఇవ్వడం మన మంచితనం కాదు, అవతలివాడికి చెందాల్సింది చెందడం. తెలుగులో "ధర్మం చేయండి" అంటాం చూడండి, దానికి చాలా దగ్గర. ఈ ముక్క నేను తెలుగుదాన్ని కాబట్టే నాకు చప్పున అర్థమైందనుకుంటాను. త్సెదాకా మీద బతికే పేదవాడు కూడా అందులోంచి కొంత ఇవ్వాలని వాళ్ల శాస్త్రం.

పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ ఇవ్వడంలో ఎనిమిది మెట్లు చెప్పాడు. అట్టడుగున, మొహం ముడుచుకుని ఇవ్వడం. పైకి వెళ్లేకొద్దీ అడిగాక ఇవ్వడం, అడక్కముందే ఇవ్వడం, ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికి తెలియకుండా ఇవ్వడం. అన్నిటికంటే పైన, అప్పో పనో భాగస్వామ్యమో ఇచ్చి మళ్లీ చెయ్యి చాచే అవసరం లేకుండా చేయడం. నేను నేల మీద రంగు టేపుతో ఎనిమిది గీతలు గీస్తాను. ఒక్కో సంగతి చదివితే పిల్లలు వెళ్లి ఏ మెట్టో ఎంచుకుని నిలబడాలి. కిందటేడు ఒకమ్మాయి ఏడో గీత మీద నిలబడి కదల్లేదు. "అప్పిస్తే తిరిగి తీసుకుంటాం కదా, ఊరికే ఇవ్వడం కంటే అది గొప్పెలా అవుతుంది?" అంది. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న పిల్లాడు, "ఎందుకంటే వచ్చే వారం వాళ్లు మళ్లీ అడగక్కర్లేదు" అన్నాడు. ఆ పూట అరగంట చర్చ జరిగింది. అనుకున్న పాఠం పక్కనే ఉండిపోయింది.

కాబట్టి "ఏం నేర్పారు" అని అడగకండి. "ఇవాళ డబ్బాలో ఎవరెంత వేశారు? ఎవరికిద్దామనుకున్నారు?" అని కార్లో అడగండి. దారిలో నడిచేటప్పుడు అంటే ఈ రోజుల్లో అదే.

ఇంకో మాట. ఈ ఆదివారం బడి పద్ధతి అమెరికాకు కొత్త కాదు. 1838లో ఫిలడెల్ఫియాలో రెబెక్కా గ్రాట్జ్ అనే ఆవిడ మొదలుపెట్టింది. అందులో చదువు చెప్పింది ఆడవాళ్లే. నేను తరగతిలోకి అడుగుపెట్టేటప్పుడు ఆవిడను తలుచుకుంటాను.

ప్రశ్న: మా ఆవిడ యూదురాలు. తొమ్మిదేళ్ల మా బాబు "సముద్రం నిజంగా రెండుగా చీలిందా నాన్నా?" అని పట్టుకున్నాడు. నాకు నమ్మకం లేదు. లేదంటే బడిలో చెప్పేది పాడుచేసినట్టు, అవునంటే అబద్ధమాడినట్టు. ఏం చెప్పను?
– ఒక తండ్రి, టెక్సస్

జవాబు: మీకేం అనిపిస్తుందో అదే చెప్పండి తమ్ముడూ. "నువ్వేమనుకుంటున్నావు?" అని ఎదురు ప్రశ్న వేసి ఊరుకోకండి. మనం తప్పించుకుంటున్నామని పిల్లలు ఇట్టే పసిగడతారు. "అలా జరిగిందని నాకనిపించదు. కానీ అమ్మవాళ్లు వేల ఏళ్లుగా ఈ కథ చెప్పుకుంటున్నారు. ఎందుకో చూద్దాం" అనండి. బాబు అడిగిన మాట బడికి ఇబ్బంది కాదు. బడి ఉన్నదే అందుకు.

పస్కా పండుగ రాత్రి సెడర్ చూసే ఉంటారు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసత్వం నుంచి బయటపడ్డ కథ చెప్పుకునే భోజనం అది. ఆ కథను మొదలుపెట్టేది ఇంట్లో అందరికంటే చిన్నవాడు. "ఈ రాత్రికీ మిగతా రాత్రులకీ తేడా ఏమిటి?" అని వాడు అడిగితే తప్ప కథ కదలదు. ఆ రాత్రి చదివే హగ్గదా పుస్తకంలో నలుగురు పిల్లల ప్రస్తావన వస్తుంది. తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. ఎదురు తిరిగేవాడికి గట్టి మాటే పడుతుంది గానీ, వాడు కూడా ఆ బల్ల దగ్గరే ఉంటాడు. అడగడం తెలియనివాడి గురించి ఏమన్నారంటే, నువ్వే వాడికి మాట అందించి కథ మొదలుపెట్టు అని. నలుగురిలో నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఆ నాలుగోవాడే. మీవాడు ఆ కోవలో లేడు. సంతోషించండి.

సముద్రం దగ్గరికి వద్దాం. మా తరగతిలో ఈ పాఠానికి నేల మీద నీలం దుప్పటి పరుస్తాను. ఐగుప్తు నుంచి పారిపోతున్నవాళ్లకు సముద్రం చీలి దారిచ్చిందని తోరాలో ఉన్నది ముందు చదువుతాం. తర్వాత పాత పండితులు దానికి కలిపి చెప్పిన కథ చెబుతాను. ఇది తోరాలో లేదు, తర్వాతివాళ్లు చెప్పింది అని ముందే చెప్పేస్తాను. ఆ తేడా పిల్లలకు తెలియాలి. ఆ కథలో, వెనక ఐగుప్తు సైన్యం, ముందు నీళ్లు, అందరూ ఒడ్డున నిలబడిపోయారు. నహ్‌షోను అనే ఒకడు నీళ్లలో దిగి నడిచాడు. మోకాళ్లు దాటాయి, నడుము దాటింది, ముక్కు దాకా వచ్చాయి. అప్పుడు చీలింది సముద్రం. దుప్పటి అంచున నిలబెట్టి, "నువ్వయితే ఎంతవరకు దిగేవాడివి?" అని ఒక్కొక్కరినీ అడుగుతాను. మోకాలి దాకా అన్నవాళ్లే ఎక్కువ. ఒక పిల్లాడు, "ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మెడ దాకా" అన్నాడు. చీలిందా లేదా అన్న ప్రశ్న అక్కడ పోదు. దాని పక్కన ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

ఇంకో కథ కూడా ఉంది. ఐగుప్తువాళ్లు మునిగిపోతుంటే దేవదూతలు పాట ఎత్తుకోబోయారట. "నా చేతుల్లో పుట్టినవాళ్లు నీళ్లలో పోతుంటే మీరు పాడతారా?" అని దేవుడు ఆపాడని పాత పండితుల చర్చల గ్రంథం తల్ముద్‌లో ఉంది. సెడర్‌లో ఐగుప్తు మీద దేవుడు పంపిన పది తెగుళ్ల (విపత్తుల) పేర్లు చదువుతూ ఒక్కోదానికి ఒక్కో చుక్క ద్రాక్షసారా వేలితో తీసి పళ్లెంలో పెడతారు. శత్రువుకైనా దుఃఖం కలిగితే మన గిన్నెలో సంతోషం తగ్గాలని దానికి అర్థం చెబుతారు. పిల్లలకు ద్రాక్షరసం పోస్తాం. తెల్ల పళ్లెంలో పది ఎర్రటి చుక్కలు వరసగా పడితే, ఎప్పుడూ గోల చేసేవాళ్లు కూడా కాసేపు ఏమీ మాట్లాడరు. బాబుతో ఈసారి ఆ చుక్కలు మీరు కూడా పెట్టండి. దానికి నమ్మకంతో పని లేదు.

ప్రశ్న: మా అమ్మాయి హీబ్రూ గడగడా చదువుతుంది, ఒక్క ముక్కకి అర్థం తెలియదు. "ఎందుకిది?" అని ఏడుపు. నాకూ సమాధానం దొరకడం లేదు.
– ఒక తల్లి, కాలిఫోర్నియా

జవాబు: మీ అమ్మాయి బాధ న్యాయమైనదే. మా బడుల్లో ఉన్న పెద్ద లోపం ఇదే అంటాను. పన్నెండు, పదమూడేళ్లకు బాత్ మిత్స్వా అనే వేడుక వస్తుంది, ఆ రోజు అందరి ముందు తోరా చదవాలి. ఆ తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ అక్షరాలు తోమిస్తారు. నేను కూడా మొదటి రెండేళ్లు అదే చేశాను. నిమిషానికి ఎన్ని మాటలు చదివారో గోడ మీద పట్టిక పెట్టి నక్షత్రాలు అంటించేదాన్ని. ఒక పిల్లాడి వరసలో రెండే నక్షత్రాలు ఉండేవి. జనవరి నుంచి ప్రతి ఆదివారం వాడికి కడుపునొప్పి. వాళ్ల నాన్న ఫోన్ చేసి చెబితే గానీ నాకు తట్టలేదు. ఆ సాయంత్రమే పట్టిక పీకేశాను. వాడి దగ్గర నా మనసు ఇప్పటికీ తేలికపడలేదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. హీబ్రూకు 22 అక్షరాలు, అందులో అయిదు మాట చివర వస్తే రూపు మారతాయి. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అచ్చుల కోసం కిందా పైనా చుక్కలు, గీతలు పెడతారు. మన గుణింతం తెలిసిన తల్లికి ఇది నేర్చుకోవడం కష్టం కాదు. మీరు కూడా నేర్చుకోండి, ఆమె చేతే నేర్పించుకోండి. తల్లికి గురువైన పిల్ల ఏడవదు. అర్థం విషయానికి, వారానికి ఒక్క మూలధాతువు చాలు. త్సెదెక్ తెలిస్తే త్సెదాకా దొరుకుతుంది, త్సద్దీక్ అంటే ధర్మపరుడని దొరుకుతుంది. ప్రార్థనల పుస్తకంలో ఆ ధాతువులోని మూడు అక్షరాలు ఎక్కడున్నా పెన్సిల్‌తో చుట్టమనండి. చదవడం వెతుకులాట అవుతుంది.

పాతకాలంలో జర్మనీ, ఫ్రాన్సు ప్రాంతాల్లో పిల్లాడి మొదటి రోజు పలక మీద అక్షరాల మీద తేనె పూసి నాకించేవాళ్లు. మా తరగతిలో ఇప్పటికీ చేస్తాం, ప్లాస్టిక్ కాగితం కింద అక్షరం పెట్టి. ఆడపిల్లకు ఈ చదువు తేలిగ్గా దక్కలేదని కూడా చెప్పండి. అమెరికాలో మొదటి బాత్ మిత్స్వాగా చెప్పుకునేది 1922లో న్యూయార్క్‌లో జరిగింది. జూడిత్ కాప్లన్ అనే పన్నెండేళ్ల అమ్మాయిది.

ప్రశ్న: నేను మతం మారలేదు, మారే ఉద్దేశం లేదు. మావారు యూదులు. "తల్లి యూదురాలు కాకపోతే పిల్లలు యూదులు కారు" అని ఎవరో మా అబ్బాయి ముందే అన్నారు. అసలు వాడిని బడిలో వేసి లాభమేమిటి?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ మాట వాడి ముందు అనకుండా ఉండాల్సింది. మీకు బాధ కలగడం సహజం. విషయం మాత్రం దాచకుండా చెబుతాను. యూదుల్లో ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ అనే వర్గాల్లో తల్లి వైపు నుంచే లెక్క. అమెరికాలో రిఫార్మ్ అనే మరో వర్గం రబ్బీలు, అంటే మతగురువులు, 1983లో, తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా పిల్లవాడిని ఆ సంప్రదాయంలో పెంచితే యూదుడిగానే చూస్తామని తీర్మానించారు. కాబట్టి ఏ సినగాగ్‌లో వేశారన్నది ముఖ్యం. రబ్బీని నేరుగా అడగండి. మొహమాటపడి అడక్కపోతే, తోరా చదవాల్సిన పదమూడేళ్లప్పుడు ఆ దెబ్బ పిల్లాడికి తగులుతుంది. మీరు ఒంటరి కాదు. 2020లో ప్యూ సంస్థ చేసిన సర్వే ప్రకారం, 2010 తర్వాత పెళ్లయిన అమెరికా యూదుల్లో 61 శాతం మంది యూదులు కానివాళ్లనే చేసుకున్నారు.

ఇంట్లో మీరేం చేయగలరో చెప్పనా? శుక్రవారం చీకటి పడేముందు దీపాలు వెలిగించి, భోజనానికి ముందు పిల్లల నెత్తిన రెండు చేతులూ పెట్టి దీవిస్తారు. మగపిల్లలకైతే "దేవుడు నిన్ను ఎఫ్రాయిములా, మనష్షేలా చేయుగాక" అంటారు. వీళ్లు ఐగుప్తులో ఉన్న యోసేపు కొడుకులు. అబ్రాహామో మోషేనో కాకుండా ఈ ఇద్దరే ఎందుకు? గొడవ పడని అన్నదమ్ములు కాబట్టి అంటారు కొందరు. పరాయి దేశంలో పుట్టి కూడా తమవాళ్లను మరవలేదు కాబట్టి అంటారు మరికొందరు. ఆ ఇద్దరి తల్లి ఆసెనతు. ఆమె ఐగుప్తులోని ఒక పూజారి కూతురు. తోరా మొదటి పుస్తకం ఆదికాండంలో స్పష్టంగా ఉంది. ప్రతి శుక్రవారం లోకంలోని యూదు తండ్రులంతా తమ కొడుకులు ఆమె కొడుకుల్లా కావాలని కోరుకుంటున్నారు. మీ అబ్బాయికి ఈ ముక్క చెప్పండి. మీవారు దీవిస్తుంటే మీరూ చెయ్యి కలపండి, తెలుగులోనే దీవించండి.

ప్రశ్న: బడిలో "లషోన్ హరా", అంటే ఒకరి వెనక చెడు మాట్లాడకూడదు అని పాఠం చెప్పారట. అదే రోజు కార్లో మా అమ్మాయి తోటి పిల్లని వెక్కిరిస్తూ పది నిమిషాలు మాట్లాడింది. ఇంక ఈ చదువెందుకు?
– ఒక తల్లి, వర్జీనియా

జవాబు: పాఠం విన్న రోజే మారాలంటే మనలో ఎవరూ నెగ్గలేం. నేను మాట్లాడతాను, తర్వాత నాలిక కరుచుకుంటాను. మాట్లాడకూడదన్నది నేర్పడానికి ఏళ్లు పడుతుంది. మాట్లాడాక ఏం చేయాలన్నది మాత్రం ఎనిమిదేళ్లకే నేర్పొచ్చు. నేను ఎక్కువ సమయం దాని మీదే పెడతాను.

మా బడి తెరిచిన కొద్ది వారాల్లోనే రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ వస్తాయి. యోమ్ కిప్పూర్ రోజున ఉపవాసముండి దేవుడిని క్షమాపణ అడుగుతారు. కానీ మిష్నా అనే పాత ధర్మశాస్త్రంలో ఒక షరతు ఉంది. మనిషికి చేసిన తప్పును యోమ్ కిప్పూర్ కడగదు, ముందు ఆ మనిషిని సమాధానపరచాలి. అతను ఒప్పుకోకపోతే మూడుసార్ల దాకా వెళ్లి అడగాలని తర్వాతి పండితులు చెప్పారు.

ఆరేళ్ల క్రితం జరిగింది చెబుతాను. పిల్లలంతా మట్టితో మెజూజా తొడుగులు చేసి కిటికీ గట్టు మీద ఆరబెట్టారు. ఒకమ్మాయి తన దాని మీద చిన్న చిన్న దానిమ్మకాయలు అతికించింది, బియ్యపు గింజంత ఉంటాయి ఒక్కోటి. మాటా మాటా వచ్చి ఒక పిల్లాడు దాన్ని నేలకేసి కొట్టాడు. నేను వాడి భుజం పట్టుకుని "సారీ చెప్పు" అన్నాను. గోడ వైపు చూసి "సారీ" అన్నాడు. "సరే, అందరూ కూర్చోండి" అని నేను పాఠంలోకి వెళ్లిపోయాను. టైమ్ అయిపోతోందన్న టెన్షన్ నాది. ఆ అమ్మాయి ముక్కలన్నీ చేతిరుమాల్లో మూటకట్టుకుని వెళ్లింది. రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసింది, కోపంగా కాదు, "తను ఆ మూట పక్కన పెట్టుకుని పడుకుంది" అని.

మరుసటి ఆదివారం ఆ పిల్లాడిని పక్కకు పిలిచాను. ఏం చేశావో నీ నోటితో చెప్పు, ఏం చేస్తే బాగుంటుందో తనని అడుగు అన్నాను. వాడు అడిగాడు. ఆ అమ్మాయి "ఇప్పుడు కాదు" అంది. అది తన హక్కు అని వాడికి చెప్పాను. రెండో వారం జిగురు తెచ్చాడు. అతికించింది తనకి వద్దంది. మూడో వారం వాడు అడిగితే, "నా పక్కన కూర్చుని కొత్తది చెయ్యి, దానిమ్మకాయలు నువ్వే చెయ్యాలి" అంది. ఇద్దరూ కూర్చున్నారు. వాడి లావుపాటి వేళ్లకు ఆ గింజలు రావు. నలభై నిమిషాల్లో ఏడు చేశాడు. నేను కూడా ఆ అమ్మాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆ రోజు తొందరపెట్టినందుకు క్షమించమని అడిగాను. "సరే" అంది, మట్టి మీద నుంచి చూపు తిప్పకుండానే.

మైమోనిడీస్ దృష్టిలో పశ్చాత్తాపం ఎప్పుడు పూర్తయినట్టంటే, అదే సందర్భం మళ్లీ వచ్చినప్పుడు మనిషి ఆ తప్పు చేయకుండా ఆగినప్పుడు. మీ అమ్మాయి విషయంలో ఉపన్యాసం వద్దు. "తను ఈ కార్లో ఉంటే ఈ మాట అనేదానివా?" అని ఒక్కసారి అడిగి వదిలేయండి. మీరు ఫోన్లో ఎవరి గురించైనా మాట్లాడేటప్పుడు వెనక సీట్లో తను ఉందని గుర్తుంచుకోండి. మా ఇంట్లో అది నాకు మా పెద్దవాడు గుర్తుచేశాడు.

ప్రశ్న: బడి గేటు దగ్గర ప్రతి వారం పోలీసు కారు ఉంటుంది. "మన బడికే ఎందుకు?" అంటాడు మా ఏడేళ్లవాడు. ఏం చెప్పాలి? హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) గురించి ఎప్పుడు చెప్పాలి?
– ఒక తండ్రి, ఇల్లినాయ్

జవాబు: 2018 అక్టోబరు 27, శనివారం ఉదయం పిట్స్‌బర్గ్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ సినగాగ్‌లో ప్రార్థనకు వచ్చిన 11 మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. ఆ మర్నాడు మాకు బడి ఉంది. రద్దు చేస్తారేమో అనుకున్నాను. చేయలేదు. పద్నాలుగు మందిలో పదమూడు మంది వచ్చారు. ఆ పొద్దున నేను పాఠం చెప్పలేదు. హల్లా రొట్టె పిండి కలిపించాను. పిండి జడల్లా అల్లుతూ వాళ్లకు తోచింది అడిగారు, నాకు తెలిసింది చెప్పాను.

ఏడేళ్లవాడికి ఇంత చాలు: "మనమంటే కోపం పెంచుకున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లు కొద్దిమంది. మనల్ని చూసుకోవడానికి ఆ పోలీసు వచ్చారు." ఆ పోలీసుకి వాడి చేత నమస్కారం చెప్పించండి, పేరు అడగమనండి. వాడికి భయం సగం తగ్గుతుంది.

హోలోకాస్ట్ విషయంలో మూడో తరగతిలో నేను ఒక్క ఫొటో కూడా చూపించను. ప్రాణాలకు తెగించి పొరుగువాళ్లను దాచినవాళ్ల గురించి చెబుతాను. 1943లో డెన్మార్క్ ప్రజలు ఏడు వేల మందికి పైగా యూదులను చేపల పడవల్లో స్వీడన్‌కు దాటించారు. అక్కడ మొదలుపెట్టొచ్చు. మిగతాది పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక. అప్పుడు మాత్రం ఏదీ తగ్గించి చెప్పకూడదు. వాడు ముందే ఎక్కడో విని అడిగితే, అడిగినంత వరకే చెప్పండి. యూదులంటే చంపబడినవాళ్లు అన్నదే పిల్లాడి మనసులో మొదట పడితే ఆ తర్వాత దీపాలూ పాటలూ అన్నీ ఆ నీడలోనే కనిపిస్తాయి. అందుకే ముందు షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి రోజు, తర్వాతే అది.

ప్రశ్న: యూదుల దీపాల పండుగ హనుక్కా ఒకసారి డిసెంబరు మొదట్లో, ఒకసారి క్రిస్మస్ నాడు వస్తుంది. ఎందుకు?
– ఒక తాతయ్య

జవాబు: మీకు ఒక్క మాటలో చెప్పొచ్చు తాతయ్యగారూ: అధికమాసం. వాళ్లదీ చాంద్రమానమే. పండుగలు రుతువు తప్పకుండా 19 ఏళ్లకు ఏడుసార్లు అదారు నెలను రెండుసార్లు లెక్కిస్తారు. 2023లో హనుక్కా డిసెంబరు 7 సాయంత్రం మొదలైంది. మరుసటేడు అధికమాసం వచ్చి డిసెంబరు 25కి జరిగింది. రోజు మనకు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే పండుగలన్నీ సాయంత్రమే వెలుగుతాయి.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. రెండో తరగతికి సహాయకురాలిగా ఉండమన్నారు. పిల్లలు నా మాట వినరేమోనని భయంగా ఉంది.

జవాబు: మాటలు తగ్గించు తల్లీ, చేతులకు పనివ్వు. షబ్బాత్‌కు వీడ్కోలు చెప్పే హవ్దాలా నేర్పాలనుకో. అల్లిన కొవ్వొత్తి ఒకరికి, లవంగాలు, దాల్చినచెక్క ఉన్న డబ్బా ఒకరికి, గిన్నె ఒకరికి ఇచ్చి దీపాలు ఆర్పెయ్యి. ఆ డబ్బా చేయి మారుతూ తిరుగుతుంటే "నిశ్శబ్దం" అని అరవాల్సిన పనే ఉండదు. అందరికంటే అల్లరి చేసేవాడికి కొవ్వొత్తి ఇవ్వాలనిపిస్తుంది. వద్దు, వాడికి మసాలా డబ్బా ఇవ్వు. కొవ్వొత్తి నీ చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: మా కోడలు యూదుల అమ్మాయి. ఈసారి పస్కా సెడర్‌కు నేను అక్కడే ఉంటాను. మనవడికి ఆరేళ్లు, వాడే ప్రశ్నలు పాడతాడట. ఉత్త చేతుల్తో వెళ్లడం నాకు అలవాటు లేదు. ఏమైనా వండి పెట్టొచ్చా? ఏం తెలియకుండా ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోను?
– ఒక నాయనమ్మ

జవాబు: వండే ముందు కోడల్ని అడగండి పిన్నిగారూ. ఆ వారం గోధుమ, బార్లీలాంటి ధాన్యాలతో చేసి పొంగినవేవీ ఇంట్లో ఉండకూడదు. తూర్పు యూరపు నుంచి వచ్చిన కుటుంబాలైతే బియ్యం, పప్పులు కూడా ముట్టుకోని ఆచారం ఉంది. అమెరికాలో కన్సర్వేటివ్ రబ్బీలు 2015లో వాటికి అనుమతిచ్చారు, అయినా చాలా ఇళ్లలో పాత పద్ధతే. మన వంటల్లో పట్టుబడేది ఇంగువ. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. మా అత్తగారింట్లో నా మొదటి సెడర్‌కు బంగాళాదుంప వేపుడు చేసుకెళ్లాను, డబ్బా మీద రాసింది చదవకుండానే. ఆవిడ ఏమీ అనలేదు, మర్నాడు తీరిగ్గా చూపించింది. పళ్లు తీసుకెళ్లండి. లేదా కోడలి వంటింట్లో, కోడలి గిన్నెల్లో, ఆ ఇంటి సామానుతోనే ఏదైనా చేయండి.

కూర్చోవడానికి ఏమీ తెలియక్కర్లేదు. ఉప్పునీళ్లలో ముంచిన ఆకు ఇస్తారు, అది కన్నీళ్లకు గుర్తు. ఘాటైన చేదు దుంప ఇస్తారు, కొంచెమే తీసుకోండి. మత్సా అనే పొంగని రొట్టెలో సగం విరిచి దాచేస్తారు, పిల్లలు దాన్ని వెతికి తెస్తే గానీ భోజనం ముగియదు. అది ఎక్కడ దాచారో మీకు కనిపించినా మనవడికి చెప్పకండి. మీ ముందు పెట్టే హగ్గదా మన పుస్తకాలకు వెనకవైపు నుంచి తెరుచుకుంటుంది. వాడి పక్కనే కూర్చుని, ఏ పేజీయో చూపించమని వాడినే అడగండి.